హబక్కూకు ఫిర్యాదు: సగమే గుర్తున్న ఒక వాక్యం

“నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును.” తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఈ మాట గోడ క్యాలెండర్ మీద ఉంటుంది, ఆటో వెనక అద్దం మీద ఉంటుంది, ఒక్కోసారి సమాధి రాయి మీద కూడా ఉంటుంది. ఆదివారం ప్రసంగాల్లో ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. నిజానికి ఇదొక జవాబు. దీనికి ముందు ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నను ఎవరూ క్యాలెండర్ మీద అచ్చు వేయరు.

ప్రశ్న వేసినవాడు హబక్కూకు ప్రవక్త. పాత నిబంధన చివర్లో మూడే అధ్యాయాల చిన్న పుస్తకం ఆయనది. మిగతా ప్రవక్తలు ఎక్కువగా దేవుడి తరఫున జనంతో మాట్లాడతారు. ఈయన జనం తరఫున దేవుడితో తగువు పెట్టుకుంటాడు. “యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?” అన్నదే మొదటి మాట. ఆ వెంటనే అసలు ఫిర్యాదు: ఎటు చూసినా బలాత్కారం, ధర్మశాస్త్రం పనికిరాకుండా పోయింది, దుర్మార్గులు నీతిపరులను చుట్టుముట్టారు, న్యాయం వంకరపోయింది. ఇందులో పరలోకం ఊసు లేదు, తన పాపాల ఊసూ లేదు. కేసు ఓడిపోయినవాడు బయటికొచ్చి కోర్టు మెట్ల మీద కూలబడి అనే మాటల్లా ఉంటాయి.

అది క్రీస్తుపూర్వం 7వ శతాబ్దపు చివరి కాలం. యూదా దేశంలో మంచి రాజని పేరున్న యోషీయా క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఐగుప్తువాళ్ల చేతిలో చనిపోయాడు. కొద్ది నెలల్లోనే గద్దెనెక్కిన అతని కొడుకు యెహోయాకీము జీతమివ్వకుండా వెట్టిచాకిరీ చేయించుకుని మేడ కట్టుకున్నాడని యిర్మీయా ప్రవక్త మండిపడ్డాడు. ఆ సందర్భంలోనే యోషీయాను తలుచుకుని, దీనుల వ్యాజ్యం తీర్చడమే దేవుణ్ని తెలుసుకోవడమని తేల్చేశాడు. హబక్కూకు ఫిర్యాదు కూడా ఇలాంటి ఊరి గురించే, ఇలాంటి మేడల గురించే.

దేవుడి జవాబు వింటే ఫిర్యాదు చేసినవాడికి మతిపోవాలి. కల్దీయులను, అంటే బబులోనువాళ్లను, రేపుతున్నానంటాడు. ఇంట్లో దొంగ పడ్డాడని చెప్పుకుంటే ఊరి మీదికి దండును పంపుతానన్నట్టు! బబులోను మామూలు రాజ్యం కాదు. క్రీ.పూ. 605లో కర్కెమీషు యుద్ధంలో ఐగుప్తును చితక్కొట్టి, ఆ ప్రాంతమంతటికీ యజమాని అయింది. హబక్కూకు ఊరుకోలేదు. నీ కళ్లు దుర్మార్గాన్ని చూడలేనంత పవిత్రమైనవి కదా, మరి దుర్మార్గుడు తనకంటే నీతిపరుణ్ని మింగేస్తుంటే ఎందుకు చూస్తూ కూర్చున్నావని నిలదీశాడు. అక్కడ ఆయన వాడిన పోలిక సముద్రతీరంలో పుట్టిన ఎవరికైనా ఇట్టే పట్టుబడుతుంది. మనుషులు చేపల్లా అయిపోయారట. జాలరి వలవేసి లాగుతాడు, బుట్ట నిండిపోతుంది, సంబరం పట్టలేక ఆ వలకే బలి ఇస్తాడు, ధూపం వేస్తాడు. తన బలాన్నే దేవుణ్ని చేసుకున్న సామ్రాజ్యానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

తర్వాత ప్రవక్త కావలి గోపురం ఎక్కి జవాబు కోసం ఎదురుచూస్తాడు. దర్శనం పలకల మీద రాయి, అది ఆలస్యమైనా కనిపెట్టుకుని ఉండు అని మాట వస్తుంది. మన క్యాలెండర్ వాక్యం దాని వెంటనే ఉంటుంది. అంటే ఇక్కడ “బ్రదుకును” అన్న మాటలో దండు వచ్చి పోయేదాకా ప్రాణం నిలుపుకోవడం కూడా ఉంది. యెరూషలేము క్రీ.పూ. 586లో తగలబడింది. బబులోను క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషుకు లొంగింది. కర్కెమీషు నాటికి పాతికేళ్లున్న యూదుడెవడూ బబులోను పతనాన్ని చూసి ఉండడు. “ఆలస్యమైనా” అన్నది చూడ్డానికి చిన్న మాటే, ఒక మనిషి జీవితకాలమంతా అందులో పట్టింది.

ఈ వాక్యంలో రెండు బరువైన మాటలున్నాయి, విశ్వాసం, నీతి. తెలుగులోకి వచ్చేసరికి వాటిలో ఒకటి బాగా అతికింది, రెండోది కొంచెం జారింది.

విశ్వాసమని మనం అనువదించుకున్న చోట హీబ్రూలో ఉన్న మాట ‘ఎమునా’. ప్రార్థన చివర అందరూ అనే ‘ఆమేన్’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. స్థిరంగా నిలబడటం, మాట తప్పకపోవడం, నమ్మదగినట్టు ఉండటం దాని అర్థాలు. నిర్గమకాండం 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు ఎత్తి ఉంచాలి. ఆయన చేతులు బరువెక్కి దిగిపోతుంటే అహరోను, హూరు చెరోపక్కన నిలబడి పట్టుకున్నారు. సూర్యుడు అస్తమించేదాకా ఆ చేతులు “నిలకడగా ఉండెను” అంటుంది తెలుగు బైబిలు. ఆ నిలకడ ఉన్న చోట హీబ్రూ మూలంలో ఉన్నది ‘ఎమునా’యే. కళ్లు మూసుకుని ఏదో సిద్ధాంతాన్ని ఒప్పుకోవడం కంటే, నొప్పెడుతున్న చేతుల్ని దించకుండా ఉండటం ఈ మాటకు దగ్గర. పైగా ఆ చేతుల్ని పట్టుకోవడానికి ఇద్దరు పక్కన ఉండాల్సి వచ్చింది.

మన వాడుక తెలుగు ఇక్కడ ఆశ్చర్యంగా కలిసొస్తుంది. చర్చి బయట విశ్వాసమనే మాట ఎప్పుడు వాడతాం? కుక్కకున్నంత విశ్వాసం కూడా లేదంటాం. తిన్నింటి విశ్వాసమంటాం. నమ్మినవాణ్ని ముంచినవాడు విశ్వాసఘాతకుడు. అన్నిచోట్లా అర్థం ఒకటే, కట్టుబడి ఉండటం. పల్లెలో ముసలమ్మ వాడే ‘విశ్వాసం’ చాలా వేదాంత గ్రంథాల్లోని నిర్వచనాల కంటే హబక్కూకుకు దగ్గర.

‘నీతి’ విషయంలో ఇంత అదృష్టం లేదు. ఆ మాట వినగానే నీతిశతకాలు, నీతికథలు, బడి గోడ మీద రాసిన సూక్తులు గుర్తొస్తాయి. అబద్ధమాడనివాడు, తాగనివాడు, పరాయి సొమ్ము ముట్టనివాడు నీతిమంతుడు. ఇవన్నీ మంచివే. కానీ హీబ్రూలో ‘సెదెక్’, ‘సెదాకా’ అనే మాటలకు పునాది ఒంటరి మనిషి శీలం కాదు, సంబంధం. ఎవరికి ఏం బాకీ పడ్డామో అది తీర్చడం నీతి. దీనికి తిరుగులేని సాక్ష్యం ఆదికాండం 38వ అధ్యాయంలోని తామారు కథ. అందుకే కాబోలు సండే స్కూల్లో దాన్ని దాటేసి ముందుకెళతారు. భర్త పోయిన కోడలికి తన ఇంకో కొడుకుతో పెళ్లి చేయాలి, అది ఆమె హక్కు. ఆ హక్కును మామ యూదా ఎగ్గొట్టాడు. ఆమె వేశ్య వేషంలో దారిపక్కన కూర్చుని అతని ద్వారానే గర్భవతి అయింది. విషయం బయటపడ్డాక, ఆమెను కాల్చేయమన్న ఆ నోటితోనే “ఆమె నాకంటె నీతిమంతురాలు” అని ఒప్పుకున్నాడు. నీతిశతకాల కొలతతో ఈ కథ అర్థం కాదు. ఆమె చేసిన పని ఎలాంటిదైనా, మాట నిలబెట్టుకోనివాడు అతను. ప్రవక్తలు నీతిని, న్యాయాన్ని జంటగా పలకడం కూడా ఇందుకే. గొప్ప ప్రవాహంలా నీతిని పారనివ్వండని ఆమోసు అన్నది పేదల నుంచి ధాన్యం పన్ను గుంజేవాళ్లతో, ఊరి గుమ్మం దగ్గర లంచం తిని తీర్పు చెప్పేవాళ్లతో.

ఇలాంటి వాక్యం చేతులు మారుతూ వచ్చింది. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో 1947లో దొరికిన చుట్టల్లో హబక్కూకు మీద ఒక వ్యాఖ్యానం ఉంది. ఆ చుట్టలు దాచుకున్న యూదు సమాజం ఈ వాక్యాన్ని ధర్మశాస్త్రం పాటిస్తూ, తమ ‘నీతి బోధకుడి’ పట్ల నమ్మకంగా నిలిచినవాళ్లకు వర్తింపజేసుకుంది. యూదు గురువుల చర్చల గ్రంథమైన తల్మూదులో రబ్బీ సిమ్లాయి 613 ఆజ్ఞలను లెక్కపెట్టి, ఆ తర్వాత వాటి సారాన్ని దావీదు పదకొండింటికి కుదించాడని మొదలుపెట్టిన చర్చ, ఒక్కొక్క ప్రవక్తనూ దాటుకుంటూ హబక్కూకు ఒక్క వాక్యం దగ్గర ఆగుతుంది.

కొత్త నిబంధనలో ఇది మూడుసార్లు వస్తుంది: రోమా పత్రికలో, గలతీ పత్రికలో, హెబ్రీ పత్రికలో. గలతీ పత్రికలో పౌలు దీన్ని ఏ గొడవ మధ్యలో ఎత్తుకున్నాడో చూడాలి. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి భయపడి పంక్తి మార్చుకున్నాడు. పౌలు అందరి ఎదుటా అతన్ని కడిగేశాడు. మనిషి ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, క్రీస్తునందలి విశ్వాసం వల్లే నీతిమంతుడవుతాడన్న వాదమంతా ఆ భోజనాల బల్ల దగ్గర మొదలైంది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు, ఎవరి కంచంలోది ఎవరు తినొచ్చు అన్నది అసలు తగువు. ఈ తగువును తెలుగువాళ్లకు వివరించి చెప్పాల్సిన పనిలేదు. అయినా మన ప్రసంగాల్లో రెండో అధ్యాయంలోని ఆ బల్ల మాయమై, మూడో అధ్యాయంలోని సిద్ధాంతం మాత్రమే మిగలడం వింతే.

వాక్యానికి అసలు మలుపు 16వ శతాబ్దంలో వచ్చింది. జర్మనీలో చర్చి సంస్కరణకు తెరతీసిన మార్టిన్ లూథర్ తన చావుకు ముందు సంవత్సరం, 1545లో, పాత రోజులు తలుచుకుంటూ రాశాడు: ‘దేవుని నీతి’ అనే మాటంటే తనకు ఒకప్పుడు అసహ్యమట. ఆ నీతి పాపిని శిక్షించే న్యాయాధిపతి నీతి అనే అర్థంతో చదివి, రాత్రింబవళ్లు కుమిలిపోయాడు. రోమా పత్రికలో పౌలు ఎత్తిచూపిన హబక్కూకు మాటను పట్టుకుని ఆలోచించగా ఆలోచించగా, అది దేవుడు మనిషికి ఉచితంగా ఇచ్చే నీతి అని తట్టింది. పరలోక ద్వారాలు తెరుచుకున్నట్టయిందన్నాడు. ఆ ఊరట నిజమైనది. దాన్ని తక్కువచేసి మాట్లాడటం సులువు. పాపక్షమాపణ పత్రాలు డబ్బుకు అమ్ముడయ్యే కాలంలో, దేవుడి దయకు ధర లేదని చెప్పడం పేదవాడికి ఎంత పెద్ద కబురో అప్పటి జనానికి తెలుసు.

ఆ కబురు విన్న పేద రైతులు 1525 మార్చిలో జర్మనీలోని మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు కోరికలు రాసుకున్నారు. తమ బోధకుణ్ని తామే ఎన్నుకుంటామన్నారు. అడవిలో కట్టెలు, ఏట్లో చేపలు తమకూ దక్కాలన్నారు. మూడో కోరికలో, క్రీస్తు తన రక్తంతో చిన్నా పెద్దా తేడా లేకుండా అందర్నీ విడిపించాడు కాబట్టి తాము ఇంకెవరి సొత్తూ కాదన్నారు. హబక్కూకు ప్రశ్న రెండు వేల ఏళ్ల తర్వాత మళ్లీ వినబడింది. లూథర్ మొదట ఇరుపక్షాలనూ మందలించాడు, ప్రభువులనైతే గట్టిగానే. కానీ మూడో కోరికను ఒప్పుకోలేదు. అది క్రైస్తవ స్వేచ్ఛను శరీర సంబంధం చేసేస్తుందని, అబ్రాహాముకు కూడా దాసులున్నారని అన్నాడు. తిరుగుబాటు ముదిరాక, రైతుల్ని పిచ్చికుక్కల్లా చంపమని రాశాడు. ఆ ఏడాది మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర రైతుల దండు ఊచకోతకు గురైంది. తిరుగుబాటు మొత్తంలో చనిపోయినవాళ్లు లక్షదాకా ఉంటారని చరిత్రకారుల అంచనా.

లూథర్ చెడ్డవాడని తేల్చడానికి ఈ కథ చెప్పుకోనక్కర్లేదు. జవాబును కనుక్కున్న మనిషే ప్రశ్నను గుర్తుపట్టలేకపోయాడు. దేవుడి ముందు నా గతేమిటన్నది ఆయన ప్రశ్న. ఈ దౌర్జన్యం ఎన్నాళ్లన్నది హబక్కూకు ప్రశ్న, మెమ్మింగెన్ రైతుల ప్రశ్న. మొదటి దానికి జవాబు దొరికాక రెండోది శరీర సంబంధమైన విషయంగా కనబడింది. ఆ చీలిక ఓడలెక్కి, మిషనరీల పెట్టెల్లో మన ఊళ్లకూ వచ్చింది.

అయితే మన ఊళ్లు దాన్ని వేరుగా అందుకున్నాయి. ఒంగోలు ప్రాంతమే తీసుకుందాం. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా నడిచినా ఫలితం అంతంతమాత్రం. మూసేద్దామన్న చర్చ ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1866లో ఒంగోలు చేరిన ఆ మిషన్ బోధకుడు జాన్ క్లౌ ముందు పైకులాల కుర్రాళ్ల మీద ఆశపెట్టుకున్నాడు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి, అంతకుముందు గురువుల దగ్గర యోగం నేర్చుకున్న మనిషి, బాప్తిస్మం తీసుకుని తనవాళ్ల మధ్య తిరగడంతో కథ మారింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు చెప్పేశారు. అంతియొకయ బల్లే ఇది, ఊరు మాత్రమే వేరు.

కొత్తగా చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి మత నియమాలు. ఊరి పెద్దలకు మాత్రం మరోలా అర్థమయ్యాయి, సరిగ్గానే అర్థమయ్యాయి. వెట్టి మనిషి వారంలో ఒకరోజు పనికి రానంటున్నాడు. జాతరలో డప్పు కొట్టనంటున్నాడు. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం కూడా అదే: నువ్వు ఐగుప్తులో దాసుడివని గుర్తుపెట్టుకో, నీ దాసుడికీ నీలాగే విశ్రాంతి ఉండాలి. ఊరి పెద్దలు వాళ్లను కొట్టారు, పనుల్లోంచి తీసేశారు, బావి నీళ్లు ఆపేశారు. ఆదివారం సెలవంటే ఇప్పుడు మనకు బిర్యానీ, నిద్ర. ఆ సెలవు కోసం దెబ్బలు తిన్నవాళ్లున్నారని తలుచుకునేవాళ్లు తక్కువ.

1876లో కరువు వచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువన్నది దాన్నే. 1878 దాకా దక్షిణ భారతమంతటా యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. మద్రాసు నుంచి ధాన్యం బయటికి పోతూనే ఉంది. ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలిని మనిషికి రోజుకు పౌను ధాన్యానికి కుదించాడు. కొలత బుట్టతో నిలబడిన సామ్రాజ్యం, అచ్చం తన వలకు మొక్కే జాలరే. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎంతమంది అడిగినా ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని.

కరువు పనులు ఆగాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అన్నం కోసమా, ఆత్మ కోసమా అని అప్పట్నుంచీ వాదన నడుస్తూనే ఉంది. క్లౌ ఏడాది ఆగడం కూడా ఆ వాదనకు భయపడే. అసలు ఆ రెంటినీ విడదీసే కత్తి హబక్కూకు దగ్గర లేదు. చేనిలో పైరు లేక, దొడ్డిలో గొర్రె లేక చస్తున్న కాలంలో ఎవరు తమ పక్కన నిలకడగా నిలబడ్డారో జనం చూసుకున్నారు. చూసి నమ్మారు. దాన్ని విశ్వాసమనకపోతే ఆ మాటకు తెలుగులో వేరే పని లేదు.

గుండ్లకమ్మ దాటాక అంతా మంచే జరిగిందనడానికి లేదు. చాలా ఊళ్లలో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు అయ్యాయి. పేతురు పంక్తి మార్చినట్టే మనవాళ్లూ మార్చారు, కడిగేసే పౌలు లేడు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా క్రైస్తవులు బయటే ఉండిపోయారు. దాంతో సర్టిఫికెట్ మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం అన్నట్టు బతికే కుటుంబాలు ఏర్పడ్డాయి. దీన్ని అబద్ధమని తిట్టేవాళ్లు తామారు కథ ఇంకోసారి చదివితే బాగుంటుంది.

అసలు పరీక్ష చుండూరులో వచ్చింది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో 8 మంది దళితులను తరిమి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. చనిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్నవాళ్లూ ఉన్నారు. బతికినవాళ్లు తమ మృతుల్ని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. యేసును పట్టిచ్చినందుకు ఇస్కరియోతు యూదాకిచ్చిన వెండితో కొన్న పొలానికి కొత్త నిబంధనలో ఉన్న పేరు కూడా రక్తభూమే. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, ఇంకా 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. మధ్యలో గడిచినవి దాదాపు 23 ఏళ్లు.

“న్యాయము చెడిపోవుచున్నది” అన్న హబక్కూకు మాటను ఆ సంవత్సరం ఎన్ని చర్చిల్లో ప్రసంగ పాఠంగా తీసుకుని ఉంటారు? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన వాక్యాల్లో అభివృద్ధి, ఆశీర్వాదం, తలగా ఉండుట వంటివే ఎక్కువ. హబక్కూకు నుంచి ఎప్పుడైనా తీసుకున్నా మూడో అధ్యాయంలోని “నేను యెహోవాయందు ఆనందించెదను” వరకే తీసుకుంటారు. ఆ వాక్యానికి ముందున్న పూయని అంజూరపు చెట్టును, కాయని ద్రాక్షతీగను, ఖాళీ దొడ్డిని వదిలేస్తారు.

ఆ పుస్తకంలో బబులోను కూలిపోదు. మూడో అధ్యాయం అయిపోయేసరికి దండు ఇంకా దారిలోనే ఉంది. తన ఎముకలు కుళ్లుతున్నాయని, కాళ్లు వణుకుతున్నాయని ప్రవక్త దాచకుండా చెబుతాడు. కట్టకడపటి పంక్తిలో ఒక సూచన మిగులుతుంది: ఇది ప్రధాన గాయకుడికి, తంతివాద్యాలతో పాడాలి. అంటే ఈ ఫిర్యాదును, ఈ వణుకును సమాజమంతా కలిసి, బిగ్గరగా పాడుకోవడానికే రాసిపెట్టారు.